బ్రౌను దొరయు ఆఱు కాలగణనలును

తెలుగు చదివినవారిలో బ్రౌను దొరగారి నిఘంటువు నెఱుగనివా రరుదు. వేమన పద్యములను వెదకి, సరిచూచి, అచ్చు వేయించినవా డాయనయే యనుటయు బాలురు చిన్న తరగతులలోనే విందురు. కాని యాయన 1850 లో చెన్నపట్టణమున ప్రకటించిన కాలచక్ర పట్టికలను గూర్చి పాఠ్యపుస్తకములలో కానరాదు. ఈ సంవత్సరము మా చరిత్ర తరగతి గోడపై అతికింపబడిన రెండు మీటర్ల కాగితపు పట్టీని చూచి, అది యేమని కొందఱు తల్లిదండ్రులు మమ్మడిగిరి. ఆ పట్టీకి దారి చూపినవాడు బ్రౌనే. కావున ఆయన జీవితమును, అందును ఆ పట్టికలకు సంబంధించిన భాగమును, ఇచ్చట కొంత విరివిగా వ్రాయుచున్నాము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు, ఫోర్టు విలియం కళాశాలకు అధికారియైన విద్వాంసుడు. ఆయన 1812 లో మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. కుమారుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంపిణీ ఉద్యోగమునకు ఎంపికయై, 1817 ఆగస్టులో చెన్నపట్టణమున దిగెను. అచ్చటి ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు నేర్పిరి. మూడేండ్లు చదివి పరీక్షలో నెగ్గి, 1820 ఆగస్టులో కడప కలెక్టరునకు సహాయకుడుగా చేరెను. కడప జిల్లా యప్పుడు మిక్కిలి విశాలమైనది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 లో మన చిత్తూరు జిల్లా యేర్పడు వఱకు దానిలోనివే.

ఇచ్చట ఒక చిన్న ప్రశ్న వేసికొందము. బ్రౌను కడపకు వచ్చినది ఏ సంవత్సరము? మన మిప్పుడు 1820 అని చెప్పి యూరకుందుము. కాని యానాడు కడప కచ్చేరీలో ఆ మాట యడిగినచో ఒక్క గదిలోనే పలు సమాధానములు వచ్చియుండును. పురోహితుడు విక్రమ నామ సంవత్సర మనును. శాసనము చెక్కువాడు శాలివాహన శకము 1742 అనును. పంచాంగము ముందు పెట్టుకొన్నవాడు కలియుగమున గతించిన సంవత్సరములు 4921 అనును. ఫారసీ మున్షీ హిజరీ 1235 అని వ్రాయును. కరణము తన లెక్కలో ఫసలీ 1230 అని వేయును. దొర మాత్రము 1820 అనును. ఆఱుగురును నిజమే చెప్పుదురు. ఆఱుగురి కాగితములును ఒక్క పెట్టెలోనే చేరును. పదియేండ్లు గడచిన పిమ్మట వానిని తీసి, ఏది ముందు ఏది వెనుక అని తేల్చుట యెవరి తరము?

ఇది వట్టి ముచ్చట కాదు. రాయలసీమ నాటికి అనేక ప్రభుత్వములు మాఱిన దేశము. విజయనగర రాజులు, కడప నవాబులు, మైసూరువారు, నిజాము, తుదకు 1800 లో కుంపిణీ. ఒక్కొక్కరు తమ తమ లెక్క ప్రకారము సనదులు వ్రాసి యిచ్చిరి. రైతునకు మాన్యము ఇచ్చిన కాగితమున సంవత్సర మొక లెక్కలో నుండును. దానిని రద్దు చేసిన కాగితమున మఱియొక లెక్కలో నుండును. రెండింటిలో ఏది తరువాతిదో తెలియక పోయినచో భూమి యెవరిదో తెలియదు. 1858 లో ఇనాము కమిషను ఏర్పడి ఊరూర మాన్యముల హక్కులను విచారించినప్పుడు, ఎన్నేండ్లుగా ననుభవములో నున్నదను ప్రశ్నమీదనే ఎన్ని కుటుంబముల కూడో ఆధారపడి యుండెను.

ఒక సంఖ్యను తీసికొని చూడుడు. తిరుమల శాసనములలో కృష్ణదేవరాయల తొలి యాత్రను దెలుపు శాసనములందు శకవర్షము 1434 అని యున్నది. 2024 జూలైలో మొదలైన యేటి అడంగలులో ఫసలీ 1434 అని యుండును. హిజరీ 1434 వ సంవత్సరము 2012 నవంబరున ప్రారంభమయ్యెను. మూడు చోట్లను 1434 ఒక్కటే. మొదటిది రాయలవారి నాటిది. రెండవది నిన్న మొన్నటిది. మూడవది మా పదవ తరగతి బాలురు కొందఱు ఉయ్యాలలో నున్న నాటిది. ఏ పట్టికలోని సంఖ్యయో చెప్పని సంఖ్యకు అర్థము లేదు.

అఱువది సంవత్సరముల పేళ్లయందు మఱియొక చిక్కు కలదు. పేరు అఱువది యేండ్లకొకమాఱు తిరిగి వచ్చును. గుంటూరు సీమను పాడుచేసిన నందన కఱవు 1832 నాటిది. నందన 1772 లోను వచ్చెను. 1892, 1952, 2012 లలోను వచ్చెను. మన సీమలో ముసలివారు ధాత కఱవని చెప్పుకొన్నది 1876 లో ఆరంభమై దక్షిణ దేశమున లక్షల కొలది జనులను బలిగొన్నది. ఆ ధాత పేరుగల యేడు 1816 లోను ఉన్నది, 1936 లోను ఉన్నది. అవ్వ నోట వచ్చిన పేరును అంకెగా మార్చవలెనన్న, ఆ యవ్వ యెవరి కూతురు, అప్పటికి తాత యెంతవాడు అని యితర సాక్ష్యములు కూడ వెదకవలయును.

బ్రౌను ఉద్యోగరీత్యా 1822 లో మచిలీపట్టణమునకును, తరువాత రాజమహేంద్రవరమునకును వెళ్లి, 1826 లో మరల కడపకు వచ్చెను. అచ్చట బంగళా కొని, అందే పండితులను నిలిపి గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య మొదలగువా రాయన కొలువులో పనిచేసిరి. బీద పిల్లలకు ధర్మ పాఠశాలలు పెట్టించెను. జీతములో పెద్ద భాగము పండితులకును లేఖకులకును పోయెను. చాలక అప్పులును చేసెను. అప్పు చేసి తాళపత్రములు కొను ఉద్యోగిని పై యధికారులు మెచ్చుకొందురా యని మనకు తోచును. ఆయన యంతగా లక్ష్యపెట్టినట్లు లేదు.

ఆయన పట్టికలు ఎట్టి బుద్ధినుండి పుట్టినవో తెలియవలెనన్న మొదట వేమన పద్యముల పనిని చూడవలెను. ఒక్క ప్రతిని నమ్మి అచ్చు వేయుట యాయనకు నచ్చలేదు. దొరికిన ప్రతుల నెల్ల తెప్పించెను. ఒక ప్రతిలో నున్న పద్యము వేఱొకదానిలో లేదు. ఒకే పద్యము రెండింటిలో రెండు విధముల నున్నది. వరుసయు ఏ రెండింటికిని కలియదు. అప్పుడు ఏదో యొక ప్రతిని ప్రమాణముగా పెట్టుకొని తక్కిన ప్రతులలోని యధిక పద్యములను పాఱవేయుట సులభ మార్గము. ఆయన యట్లు చేయక అన్ని ప్రతులలోని పద్యములను ఒక్క వరుసకు తెచ్చి, ఏ పద్యము ఏ ప్రతిలో నెట్లున్నదో పాఠభేదములు గుర్తింపించెను. 1829 లో 693 పద్యములు అచ్చైనవి. 1839 నాటి రెండవ కూర్పున అవి 1164 అయ్యెను.

కాలపట్టికలలోను చేయవలసిన పని యిదియే. 1834 లో సెలవుపై ఇంగ్లండునకు పోయి, అచ్చట ఇండియా హౌసు గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చూచి, వానిని చెన్నపట్టణమునకు పంపించుటకు పాటుపడి, తిరిగి వచ్చిన పిమ్మట ఆయన ప్రభుత్వమునకు ఫారసీ భాషాంతరీకర్త యయ్యెను. ఇది మన కథకు ముఖ్యము. ఒక చేత ఫారసీ కాగితములు, వానిలో హిజరీ తేదీలు. మఱియొక చేత తెలుగు కైఫీయతులు, వానిలో రుధిరోద్గారి, దుందుభి మున్నగు పేళ్లు. మెకంజీ దొర మనుష్యులు ఊరూర వ్రాసి తెచ్చిన కైఫీయతులకు బ్రౌను తిరిగి ప్రతులు తీయించెను. హండె అనంతపురపు రాజుల చరిత్రమును తెలుగునుండి ఇంగ్లీషులోనికి మార్చి 1853 లో ప్రకటించెను. అట్టి చరిత్రమున ఒక రాజు నవాబుతో యుద్ధము చేసెనని యున్నచో, నవాబు పక్షపు చరిత్రమున ఆ యుద్ధమే హిజరీ సంఖ్యతో నుండును. రెండు కథలు ఒక్క యుద్ధమును గూర్చినవా, రెండు యుద్ధములా? ఒక గీతపై చేర్చి చూచినగాని తేలదు. ఇంతటి యవసరము మీద పడినవాడు గనుకనే ఆయన 1850 లో తెలుగు కన్నడ దేశముల చరిత్రమునకు ఉపయోగపడు హిందూ మహమ్మదీయ కాలచక్ర పట్టికలను ప్రకటించెను. 1863 లో, ఇంగ్లండు చేరిన పిమ్మట, కర్ణాటక కాలగణనమను పేర చిన్న గ్రంథమున ఈ విషయమునే వివరించెను.

ఇప్పుడు మా గోడపట్టీ కథ చెప్పుదుము. తరగతిని మూడు జట్లుగా చేసి, మొదటి జట్టునకు శాసనముల తేదీలు, రెండవదానికి నవాబుల, మైసూరువారి సంగతులు, మూడవదానికి ఇండ్లలో పెద్దలు చెప్పు కఱవులు వరదలు అప్పగించితిమి. మూడు పట్టికలును చక్కగా వచ్చినవి. వానిని ఒక్క పటమున చేర్పుడని చెప్పి మేము పరీక్షాపత్రములు దిద్దుకొనుచు కూర్చుంటిమి. తప్పు మాదే. బాలురు మొదటి జట్టు పట్టికలోని సంవత్సరములనే అడుగుగీతపై వరుసగా గుర్తించిరి. తక్కిన రెండు పట్టికలను వానికి ఎదురుగా చేర్చుటకు ప్రయత్నించిరి. శాసనము లేని యేడు గీతపై లేదు గనుక నందన కఱవునకు చోటు దొరకలేదు. దానిని పట్టీ అంచున ముడిచి అతికించిరి. ఏబది యేండ్ల యెడమును రెండేండ్ల యెడమును ఒక్క అంగుళముగనే కనబడెను. ఒక జట్టు పట్టికను యజమానిని చేసి తక్కినవానిని అతిథులను చేసినచో ఇట్లే యగును.

దానిని చింపి మరల మొదలు పెట్టితిమి. మూడు పట్టికలలోని సంవత్సరముల నన్నిటిని ముందు ఒక్క లెక్కలోనికి మార్చి, మఱుమాఱు వచ్చినవానిని ఒకటిగా చేసి, వరుసపఱచితిమి. అంతటితో ఆగినను యెడముల దోషము పోదు. కావున అడుగుగీతను ఏ పట్టికనుండియు తీసికొనక 1501 మొదలు 1900 వఱకు ఏటికి అర సెంటీమీటరు చొప్పున, ఏమియు జరుగని యేండ్లతో సహా, నాలుగువందల గడులుగా గీయించితిమి. అది రెండు మీటర్లైనది. ఇప్పుడు ఏ జట్టు పట్టికయైనను ఆ గీతకు వచ్చి చేరవచ్చును; దేనికి సంగతి లేదో అచ్చట గడి ఖాళీగా నుండును. ఖాళీ గడిని చూచి సిగ్గుపడి ఏదో యొకటి నింపవలదని బాలురకు రెండు మూడు మాఱులు చెప్పవలసి వచ్చెను. ఖాళీ యన్నచో సున్న యని యర్థము కాదు. ఆ పట్టికలో ఆ యేటికి మాట లేదని మాత్రమే యర్థము.

అసలు కష్టము పిమ్మట వచ్చినది. అన్ని లెక్కల యేండ్లును ఒక్క దినమున మొదలు కావు. తెలుగు సంవత్సరము చైత్రమున ఉగాదితో మొదలగును. ఇంగ్లీషు సంవత్సరము జనవరిలో. ఫసలీ యిప్పుడు జూలైలో. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తు శకము వచ్చునని మనము చిన్ననాడు వల్లించిన సూత్రము మూడు పాళ్లు నిజము, ఒక పాలు అబద్ధము. రాయలవారి తిరుమల శాసనమున శకవర్షము 1434, ఆంగీరస నామ సంవత్సరము అని యుండగా, మేము ఒకప్పుడు నల్లబల్లపై 1512 అని వ్రాసి తృప్తిపడితిమి. ఆయన పట్టమహిషులతో తిరుమలకు వచ్చి కిరీటము సమర్పించినది 1513 ఫిబ్రవరి 10 వ తేదీన. అప్పటికి ఇంగ్లీషు సంవత్సరము మాఱినది, ఆంగీరస ముగియలేదు. పుష్య మాఘ ఫాల్గుణములలో జరిగిన సంగతులకు చాలవఱకు 79 కలుపవలెను. రక్కసి తంగడి యుద్ధమును అట్టిదే: శకవర్షము 1486, రక్తాక్షి, 78 కలిపినచో 1564 వచ్చును, యుద్ధము జరిగినది 1565 జనవరిలో. అదే యుద్ధమును మహమ్మదీయ చరిత్రకారులు హిజరీ 972 లో పెట్టిరి. ఆ హిజరీ యేడు 1564 ఆగస్టున మొదలై మఱుసటి వేసవి వఱకు నడచినది గనుక రెండు పక్షముల లెక్కయు ఒక్క చోటనే కలియును.

అందుచేత తెలుగు సంవత్సరముల కాగితపు బద్దను అడుగుగీతపై సరిగా గడికి గడి యంటింపక, ఇంచుమించు పాతికవంతు కుడికి జరిపి యంటించితిమి. ఫసలీ బద్దను సగము గడి జరిపితిమి. హిజరీ బద్దకు గడులే చిన్నవి: చాంద్రమాన వత్సరము 354 దినములు, అప్పుడప్పుడు 355. మన అర సెంటీమీటరున నాలుగు మిల్లీమీటర్ల ఎనుబదియైదు వంతులు దానికి చాలును. నాలుగు వందల యేండ్ల గీతకు హిజరీ గడులు 412 పట్టినవి. బాలురు ఈ లెక్కను నమ్మక తామే భాగించి చూచిరి. అది మాకు సంతోషము.

ఫసలీ పుట్టువు ఈ బద్దలను చూచిన వెంటనే తెలిసిపోవును. దక్షిణమున షాజహాను కాలమున, 1636 ప్రాంతమున, హిజరీ 1046 అను సంఖ్యనే తీసికొని, దానిని పంటలతో సరిపోవు సూర్యమానమున నడిపించిరి. చాంద్రమానమున శిస్తు వసూలు చేసినచో గడువు కోతలకు ముందే వచ్చిపడును గదా. నాడు రెండును ఒక్కటే. ఆ పిమ్మట హిజరీ ముప్పదిమూడేండ్లకు ఒక యేడు చొప్పున ముందునకు పోయెను. బ్రౌను కడపకు వచ్చు నాటికి ఒకటి 1235, ఒకటి 1230. మదరాసు రాజధానిలో 1855 లో ఫసలీ ఆరంభమును జూలై మొదటి తేదీకి స్థిరపఱచిరి. 590 తీసివేసిన ఫసలీ యేడు వచ్చునని కరణములు నోటిలెక్కగా చెప్పుచుండెడివారు.

చిత్తూరి పక్కననే యొక మంచి యుదాహరణము కలదు. హైదరు అలీ 1782 డిసెంబరు మొదటి వారమున చిత్తూరు సమీపమందలి నరసింగరాయనిపేటలో తన దండులోనే మరణించెను. కొందఱు ఆఱవ తేదీ యందురు, కొందఱు ఏడవ తేదీ యందురు. హిజరీ 1197 వ సంవత్సరము సరిగా ఆ దినములలోనే పుట్టినది. కావున ఒకరు 1196 అని వ్రాసినను మఱియొకరు 1197 అని వ్రాసినను ఒక సంవత్సరము తేడా యని భ్రమపడరాదు; అది ఒక్క పూట తేడా కావచ్చును. తెలుగు లెక్కన శుభకృత్తు, శకము 1704, ఫసలీ 1192. వీనిలో ఆ సందేహమే లేదు, ఏలయన వాని యేటి సంధి ఆ దినములకు దూరము. ఒక పట్టిక తడబడిన చోట మఱియొకటి స్థిరముగా నిలుచును. మా గోడపట్టీలో ఈ సంగతికి గీత గడి నడుమ పడక రెండు హిజరీ గడుల యంచుపై పడినది; చిన్న తరగతి వారు అది చేతి వణకు అనుకొనుచుందురు.

పట్టికలను ఒక్క గీతపై చేర్చుటలోని పెద్ద లాభము వరుస తెలియుట యొక్కటియే కాదు. అవి యొకదానికొకటి సాక్షులగును. శాసనమున శకసంఖ్యయు, సంవత్సరము పేరును రెండును ఉన్నచో వానిని సరిచూడవచ్చును. గత శకవర్షమునకు 12 కలిపి 60 చేత భాగింపుడు. శేషమెంతయో ప్రభవాదిగా అన్నవ పేరు రావలెను. 1434 నకు 12 కలిపిన 1446, శేషము 6, ఆఱవది ఆంగీరస. సరిపోయెను. 1742 నకు శేషము 14, పదునాల్గవది విక్రమ. సరిపోయెను. కలియనిచో మూడు కారణములలో నొకటి వెదకవలెను: వ్రాసినవాడు గడచిన యేటికి బదులు నడచుచున్న యేటిని లెక్కించియుండవచ్చును, లేదా ప్రతి తీసినవాడు అంకె తప్పియుండవచ్చును, లేదా కాగితము తరువాత పుట్టించిన దొంగ కాగితమై యుండవచ్చును. దొంగ సనదు చేయువాడు రాజు పేరును, ముద్రను, భాషను జాగ్రత్తగా నేర్చుకొనును; నూఱేండ్ల క్రిందటి సంవత్సరము పేరు లెక్కించుటలో మాత్రము తఱచుగా జాఱును.

బ్రౌను పట్టికలతో సర్వము తీఱెనని మేము చెప్పము. ఏటికి ఏటిని సరిచూపు పట్టికలు తిథిని, వారమును తేల్చలేవు. అధికమాసములను, క్షయతిథులను లెక్కించుటకు జ్యోతిశ్శాస్త్ర గణితము కావలెను. ఆ పని తరువాతి తరమువారు చేసిరి. మదరాసు సివిలు ఉద్యోగియైన రాబర్టు సూయలు దొరయు, పూనా ట్రెయినింగు కళాశాల ఉపాధ్యాయుడగు శంకర బాలకృష్ణ దీక్షితుగారును కలిసి 1896 లో భారతీయ పంచాంగ గ్రంథమును ప్రకటించిరి. ట్రెయినింగు కళాశాలలో చదివి వచ్చిన మావంటివారికి దీక్షితుగారి పేరు చూచినప్పుడు కొంత గర్వము కలుగుట సహజము. ఆ పిమ్మట స్వామికణ్ణు పిళ్ల గారు 1922 లో శతాబ్దముల తరబడి దినదినమునకును పట్టికలు కూర్చిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1930 తరువాత సాధు సుబ్రహ్మణ్య శాస్త్రిగారి కృషిచే తిరుమల శాసనములను సంపుటములుగా వెలువరించినప్పుడు తేదీలు నిర్ణయించుటకు పండితులకు ఇట్టి పట్టికలే చేతికఱ్ఱలు. అయినను తెలుగు కన్నడ దేశముల కథలను ముందు పెట్టుకొని, వానికొఱకే కాలపట్టికను సిద్ధపఱచినవారిలో బ్రౌను ముందువాడు. కుంపిణీ ఉద్యోగిగా ఆయనకు దేశీయులయెడ పరుషముగా వ్రాయు నలవాటు కొంత లేకపోలేదు. పట్టికల యెదుట మాత్రము పురోహితుని లెక్కను, మున్షీ లెక్కను, తన దొరల లెక్కను సమముగా కూర్చుండబెట్టెను.

తక్కిన కథ వేగముగా చెప్పుదుము. 1840 లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1852 లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. వెంటనే ఇంగ్లీషు తెలుగు నిఘంటువును వచ్చెను. వీనిని చెన్నపట్టణపు క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాలయమున అచ్చువేసిరి. కొంతకాలము పోస్టుమాస్టరు జనరలుగా నుండెను. తాను చేర్చిన వ్రాతప్రతులను చెన్నపట్టణపు సాహిత్య సంఘమున కిచ్చివేసెను. అవి తరువాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము చేరినవి. 1855 లో ఆరోగ్యము చెడి ఉద్యోగము వదలి లండను చేరెను. అచ్చట విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, వార్ధక్యమునందును తెలుగు పనినే చేసికొనుచు, 1884 డిసెంబరు 12 వ తేదీన మరణించెను. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలమున జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే గ్రంథాలయము వెలసినది. అది యిప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరిన భాషా పరిశోధన కేంద్రము.

పట్టీ పూర్తియైన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలికలు బ్రౌను జనన మరణములను కూడ దానిపై గుర్తించిరి. జననము కాళయుక్తి, శకము 1720, కలి 4899, ఫసలీ 1208, హిజరీ 1213. మరణము తారణ, శకము 1806, కలి 4985, ఫసలీ 1294, హిజరీ 1302. తీసివేత చేసినప్పుడు అన్ని బద్దలలోను 86 వచ్చి, హిజరీ బద్దలో 89 వచ్చుట చూచి, తాము తప్పు చేసితిమని దానిని రబ్బరుతో తుడువబోయిరి. మేము వారించి గడులు లెక్కింపుడంటిమి. పుట్టిన దినము హిజరీ గడి నడుమ పడెను. మరణ దినము మఱియొక గడి మొదటిభాగమున పడెను. నడుమ నిండిన చాంద్రవత్సరములు 88. సూర్యుని లెక్కన ఆయన 86 ఏండ్లు నిండి బ్రతికెను. చంద్రుని లెక్కన 88. బాలికలు ఆ రెండు సంఖ్యలను ఆయన పేరు క్రింద ప్రక్కప్రక్కగా వ్రాసిరి. అవి యట్లే యున్నవి.